చెరియాల పెళ్లి ఊరేగింపు బొమ్మని తడిగుడ్డతో తుడిచారు, రంగు ఊడొచ్చింది. ఇప్పుడెలా?

గోరింటపొద:
ఆరేళ్ల కిందట ఒక మేళాలో కొన్న చెరియాల బొమ్మ (తెలంగాణలోని చెరియాలలో గుడ్డ మీద రంగులతో వేసే చిత్రం) మా హాల్లో ఉంది. ఎర్రటి రంగు మీద పెళ్లి ఊరేగింపు: ముందు డప్పులు, సన్నాయి, మధ్యలో నలుగురు బోయీలు మోస్తున్న పల్లకి, వెనక తలల మీద గంపలతో ఆడవాళ్లు. పండక్కి ఇల్లు దులుపుతూ అమ్మ దీన్ని కూడా తడిగుడ్డతో తుడిచేసింది. గుడ్డంతా ఎరుపు, చివరి బోయీకి ఒక కాలు మాయం. చేత్తో వేసిందే అయితే రంగు ఇలా పోతుందా, నకిలీ అంటగట్టారా అని డౌటు. నా దగ్గర అక్రిలిక్ రంగులున్నాయి, ఆ కాలు నేనే వేసేయొచ్చా?

సుద్దముక్క:
నకిలీ కాదండి. ప్రింటయితే ఆ కాలు ఈపాటికి అక్కడే ఉండేది! ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఆరాక బంక కలిపిన రంగులు వేస్తారు, ఆ బంక నీళ్లకి కరుగుతుంది కాబట్టి గట్టిగా తుడిస్తే పైరంగుతో పాటు కింద సుద్ద కూడా లేచొస్తుంది. అక్రిలిక్ జోలికి మాత్రం పోవద్దు. అది ప్లాస్టిక్ పొరలా మెరుస్తుంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ పెళ్లికూతుర్ని వదిలేసి ఆ కాలునే చూస్తారు.

చెరువుకట్ట:
మాది చెరియాల పక్కనే, అప్పట్లో వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట. రంగు సంగతి పైన చెప్పేశారు. నాది వేరే మాట, అసలు నకాషీలు (ఈ బొమ్మలు వేసే చిత్రకారులు) గీసినవి ఇలాంటి విడి బొమ్మలు కావు, గజాల కొద్దీ పొడవుండే పటాలు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు వాటిని పైనుంచి కిందికి విప్పుతూ గడి తర్వాత గడి చూపిస్తూ కథ నడిపేవాళ్లు. కథ వినేవాళ్లు తగ్గాక పటాలు చేయించుకునేవాళ్లూ తగ్గారు, అప్పుడే పెళ్లి, బతుకమ్మ, నాట్లు లాంటివి గోడకి తగిలించుకునే సైజులో రావడం ఎక్కువైంది. మీ బొమ్మలో పెళ్లివాళ్ల వెనక చెట్లూ కొండలూ దూరంగా చిన్నగా కనిపించవు, అంతా ఒకే ఎరుపు మీద ఉంటుంది చూడండి, అది పటం నుంచి వచ్చిన అలవాటే.

ఫ్రేములబ్బాయి:
ఇకపైన పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం తప్ప ఏమీ చేయకండి. అద్దం వేయిస్తే బొమ్మకి ఆనకుండా చుట్టూ అట్ట పెట్టమనండి, ఆనితే వానాకాలంలో రంగు అద్దానికి అంటుకుంటుంది. బాత్రూమ్ గోడ అవతలివైపు తగిలించొద్దు.

గోరింటపొద:
అందరికీ థాంక్స్. బొమ్మ వెనక రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే వేసినాయనే ఎత్తారు. తెచ్చిస్తే కాలు పెడతానన్నారు, కానీ పాత ఎరుపు, కొత్త ఎరుపు అచ్చంగా కలవవని ముందే చెప్పారు. అమ్మ ఆ తడిగుడ్డని ఉతక్కుండా దాచింది. "ఎరుపు కావాలంటే ఇందులో ఉందిగా, పట్టుకెళ్లు" అంటోంది.