పాత మారుతి ఎస్టీమ్ కారుకి ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది), ఏసీ బెల్టులు ఎక్కడ దొరుకుతున్నాయి?

ఖమ్మం_పాతబండి:
2003 ఎస్టీమ్, పెట్రోల్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమని వీధంతా లేస్తోంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. రెండు బెల్టులూ పగుళ్ళు పట్టాయి. కంపెనీ స్పేర్ల కౌంటర్‌లో స్టాక్ లేదన్నారు, బజార్లో అడిగితే "ఆ బండ్లు ఇంకా తిరుగుతున్నాయా" అంటున్నారు. ఈ మధ్య ఎవరికైనా దొరికాయా?

బెజవాడ_ఆటోనగర్:
బండి పేరు చెప్పి అడక్కండి అన్నా, బెల్టు వీపు మీద నంబరుంటుంది, అది చెప్పండి. 4పీకే 900 అని ఉందనుకోండి (ఉదాహరణకే, అదే కొనేయకండి): లోపలి గట్లు 4, పొడవు 900 మి.మీ., పీకే అంటే గట్టు రకం. గేట్స్, ఫెన్నర్, కాంటిటెక్, ఏదైనా సైజు కలిస్తే చాలు. కారు స్పేర్ల షాపులో లేకపోతే బేరింగులు, బెల్టులు అమ్మేవాళ్ళ దగ్గరికెళ్ళండి, అక్కడ బండితో పనిలేదు, అంతా సైజే. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ చూడండి.

ఖమ్మం_పాతబండి:
ఏసీ బెల్టు మీద నంబరు అరిగిపోయింది.

రాణీగంజ్_రౌండ్:
అడ్జస్టర్ (బెల్టు బిగువు సరిచేసేది) బోల్టు వదులు చేసి, అడ్జస్టర్‌ని మధ్యలో ఉంచి, సాగని తాడు పుల్లీల (బెల్టు తిరిగే చక్రాల) చుట్టూ తిప్పి కొలవండి. పాత బెల్టు కోసి కొలిస్తే సాగి ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువే చూపిస్తుంది. కేటలాగ్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు, ఇన్నేళ్ళలో ఏ ఓనరో ఏసీ కంప్రెసర్ మార్చి ఉంటే పొడవు తేడా వచ్చేస్తుంది. ఇంకోటి, వీ-బెల్టు (గట్లు లేకుండా వీ ఆకారంలో ఉండేది) అయితే మోటార్లకి వేసే ఏ-సెక్షన్ సైజు అంటగట్టాలని చూస్తారు, దాని వెడల్పు 13 మి.మీ., 10 మి.మీ. బెల్టు పుల్లీలో అది పైకి తేలుతుంది. వద్దనండి.

పద్మిని_మామ:
మా పాత పద్మిని కారుకి ఉన్నదే ఒక్క బెల్టు, ఛార్జింగూ వాటర్ పంపూ దాని మీదే, తెగితే దారిలోనే ఇంజన్ మరిగిపోతుంది. అందుకే డిక్కీలో స్పేర్ లేకుండా ఊరు దాటను. ఏళ్ళ తరబడి షాపులో పడున్న స్టాకు మాత్రం వెనక్కి వంచి చూసి కొనండి బాబూ, కొత్త ప్యాకెట్‌లోనే రబ్బరు బిగుసుకుపోయి ఉంటుంది.

బెజవాడ_ఆటోనగర్:
కరెక్ట్ మామా. కీచు గురించి: బండి ఆన్‌లో ఉండగా, చేతులు దూరంగా పెట్టి, గట్ల వైపు కాస్త నీళ్ళు చిమ్మండి. శబ్దం పెరిగితే బిగువు తక్కువ, కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు ఒక లైన్లో లేవు. రెండోదైతే ఎంత కొత్త బెల్టు వేసినా అరుస్తూనే ఉంటుంది.