టెక్సస్ టీచర్లకు ఇన్సూరెన్స్: డిస్ట్రిక్ట్ ప్లానా, మావారి కంపెనీ ప్లానా?

కొత్త_టీచర్_డాలస్
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐఎస్‌డీ)లో టీచర్‌గా చేరుతున్నాను. డిస్ట్రిక్ట్‌లో టెక్సస్ టీచర్ల రిటైర్మెంట్ సంస్థ నడిపే హెల్త్ ఇన్సూరెన్స్, టీఆర్‌ఎస్-యాక్టివ్‌కేర్ ఉంది. ప్రైమరీ, ప్రైమరీ ప్లస్, హెచ్‌డీ అని మూడు చూపిస్తున్నారు. ఇప్పుడు నలుగురం మావారి కంపెనీ ప్లాన్‌లో ఉన్నాం. నాకు థైరాయిడ్, చిన్నవాడికి ఆస్తమా. అందరం డిస్ట్రిక్ట్ ప్లాన్‌కి మారాలా? ప్రీమియం పట్టిక ముందేసుకుని కూర్చుంటే టెన్షన్ పెరుగుతోంది.

సైన్స్_మేడం
అందరూ మారొద్దమ్మా. చట్టం ప్రకారం మనకోసం డిస్ట్రిక్ట్ కనీసం నెలకు 150 డాలర్లు, రాష్ట్రం 75 డాలర్లు కడతాయి. ఆ 225 ఉద్యోగి లెక్కన వచ్చేదే కానీ, పిల్లల్ని చేర్చితే పెరిగేది కాదు. అందుకే ఒంటరిగా చేరితే చౌకగా ఉంటుంది, కుటుంబాన్ని చేర్చగానే అమాంతం పెరుగుతుంది. మా ఇంట్లో నేనొక్కదాన్నే డిస్ట్రిక్ట్‌లో, పిల్లలు వాళ్ల నాన్న ప్లాన్‌లో ఉన్నారు. మీవారి హెచ్‌ఆర్‌ని ఒకమాట అడగండి: సొంత ఉద్యోగంలో ఇన్సూరెన్స్ దొరికే భార్యను తమ ప్లాన్‌లో ఉంచితే కొన్ని కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి.

ప్లేనో_నాన్న
మా ఆవిడ డిస్ట్రిక్ట్ ప్లాన్ వేరే, అందులోనూ రెఫరల్ (స్పెషలిస్టు దగ్గరికి వెళ్లేందుకు మన మామూలు డాక్టర్ ఇచ్చే సిఫారసు) తప్పనిసరి. మాకు తెలియక నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మొత్తం బిల్లు మేమే కట్టుకున్నాం. యాక్టివ్‌కేర్ ప్రైమరీ, ప్రైమరీ ప్లస్‌లకూ ముందు పీసీపీని, అంటే మన మామూలు డాక్టర్‌ని ఎంచుకోవాలి, స్పెషలిస్టుకు రెఫరల్ కావాలి. మీ థైరాయిడ్ డాక్టర్ నెట్‌వర్క్‌లో (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో) ఉన్నారో లేదో ఈరోజే చూసుకోండి.

లెక్కల_మాస్టారు
హెచ్‌డీలో రెఫరల్ గొడవ లేదు, నెట్‌వర్క్ దేశమంతా ఉంటుంది. కానీ నివారణ పరీక్షలు తప్ప దాదాపు అన్నిటికీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు ఏడాదికి మనం భరించాల్సిన మొత్తం) తీరేదాకా మనమే కట్టాలి. హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) దాచుకునే వీలుంది కదా అని నేను ఉత్సాహపడ్డాను. మా ఆవిడ కంపెనీలో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు కంపెనీ ద్వారా ఉండే ఇంకోరకం ఖాతా) తీసుకుని ఉంది. అది భర్త ఖర్చులకూ వర్తిస్తుంది కాబట్టి, ఆ ఏడాది నాకు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసే అర్హతే లేదు. తెలియక వేశాను, తర్వాత వెనక్కి తీయాల్సి వచ్చింది. మీవారికి ఎఫ్‌ఎస్‌ఏ ఉందేమో తప్పక అడగండి.

ఇంకోటి, తేదీలు. యాక్టివ్‌కేర్ ఏడాది సెప్టెంబర్ 1న మొదలవుతుంది. కంపెనీ ప్లాన్ జనవరిలో అయితే, ఇప్పటిదాకా అక్కడ డిడక్టిబుల్‌కి కట్టింది ఇక్కడ లెక్కకు రాదు.

హ్యూస్టన్_అక్క
మా డిస్ట్రిక్ట్ యాక్టివ్‌కేర్‌లో లేదు. 2021 చట్టం ప్రకారం బయటికి వెళ్లిన డిస్ట్రిక్ట్ ఐదేళ్లదాకా తిరిగి చేరడానికి వీల్లేదు, చేరింది కూడా ఐదేళ్లదాకా వదలడానికి వీల్లేదు. కాబట్టి ఉద్యోగం మారితే పక్క డిస్ట్రిక్ట్ ప్లాన్ కూడా ఇదేలే అనుకోవద్దు.

కొత్త_టీచర్_డాలస్
అందరికీ చాలా థ్యాంక్స్. మావారికి ఎఫ్‌ఎస్‌ఏ ఉందట! అంటే హెచ్‌డీ తీసుకున్నా నేను హెచ్‌ఎస్‌ఏలో వేయలేను. మా డాక్టర్ ప్రైమరీ నెట్‌వర్క్‌లో ఉన్నారు. నేనొక్కదాన్నే ప్రైమరీ తీసుకుంటాను, పిల్లలు అక్కడే ఉంటారు. ఏడాది మధ్యలో నన్ను ఆ ప్లాన్‌నుంచి తీయొచ్చా అని రేపు మావారు హెచ్‌ఆర్‌ని అడుగుతారు.

సైన్స్_మేడం
కొత్త కవరేజీ వస్తోందని కాగితం చూపిస్తే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కానీ గడువు తక్కువ, 30 రోజులే ఉండొచ్చు. రేపటిదాకా ఆగకుండా ఇవాళే మెయిల్ పెట్టించండి.