పెరూ గ్రూప్ టూర్: బీపీ ఉన్న పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. వచ్చే జూన్‌లో అమ్మని గైడ్‌తో వెళ్లే పెరూ గ్రూప్ టూర్‌కి తీసుకెళ్లాలని ఉంది. అమ్మకి 64 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది. స్కూల్లో సోషల్ చెప్పిన రోజుల నుంచీ కొండల మీదున్న ఇంకాల పాత నగరం మాచుపిచ్చు చూడాలని ఆశ.

నా భయమంతా ఎత్తు గురించే. మాచుపిచ్చు 2,430 మీటర్లే. కానీ టూర్ వాళ్లు సముద్రం ఒడ్డున ఉన్న లిమా నుంచి విమానంలో నేరుగా 3,400 మీటర్ల కుస్కోలో దించి, మర్నాడే ఊరంతా తిప్పుతామంటున్నారు. కృష్ణ ఒడ్డున పల్లంలో బతికేవాళ్లం, ఒక్కసారిగా అంత ఎత్తంటే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు కదా. మొదటి రెండు రాత్రులు కుస్కో కంటే దిగువనున్న ఉరుబాంబా లోయలో ఉంచమంటే గ్రూప్‌లో ఒప్పుకుంటారా? చివర్లో 3,812 మీటర్ల టిటికాకా సరస్సు కూడా ఉంది. తుంగతో అల్లిన తేలే దీవుల మీద ఉరోస్ జనాన్ని చూడాలని అమ్మ రోజూ అంటోంది, అది మాన్పించడానికి నాకు మనసు రావట్లేదు.

డాక్టరు గారిని ఎలాగూ అడుగుతాం. ఎత్తు ఇబ్బందికని అక్కడిచ్చే కోకా ఆకుల టీ బీపీ ఉన్న మీ పెద్దవాళ్లెవరైనా తాగారా? ఇంకోటి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. బంగాళాదుంపలు పుట్టిన సీమే గానీ, గ్రూప్ భోజనాల్లో శాకాహారం సరిగ్గా దొరికిందా?