ఉద్దానం కిడ్నీ పరిశోధనల ఫలితాలను ఊళ్లో ఎలా చెప్పాలి?

ప్రశ్న: కవిటి ఉపాధ్యాయుడు

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి పరిశోధనలు సాగుతున్నాయి. వ్యాసాలు ఆంగ్ల పత్రికల్లో వస్తున్నాయి కానీ, రక్తం, మూత్రం నమూనాలిచ్చిన కొబ్బరి, జీడి తోటల కూలీలకు అందులో ఏం తేలిందో చెప్పినవారు లేరు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఉద్దానంలో పరీక్షించిన 2,210 మందిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని, వారిలో ఎక్కువమందికి మధుమేహం వంటి తెలిసిన కారణాలేవీ కనబడలేదని రాశారు. దీన్ని రచ్చబండ దగ్గర వివరించాలని ఉంది. కారణం తెలియదనగానే జనం లేచి వెళ్లిపోతారేమోనని దిగులుగా ఉంది.

జవాబు: ఏఎన్‌ఎం, సోంపేట

మాస్టారూ, ఆ మాట దాచకండి. దాచితే వదంతులే మిగులుతాయి. అయితే శాతాలతో కాక, వారి చేతిలోని క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడగట్టే వ్యర్థం) పరీక్ష చీటీతో మొదలుపెట్టండి. కిడ్నీల పనితనం చాలావరకు తగ్గాకగానీ ఆ అంకె పెరగదని, ఇక్కడి జబ్బులో మొదట్లో కాళ్లవాపు కనబడకపోవచ్చని చెబితే, నిక్షేపంగా కొబ్బరిచెట్టు ఎక్కుతున్న మనిషికి కూడా పరీక్ష ఎందుకో అర్థమవుతుంది. ఒళ్లు నొప్పులకు దుకాణంలో బిళ్లలు కొని మింగితే కిడ్నీలు దెబ్బతింటాయన్నది మాత్రం తెలిసిన సంగతే కనుక, దాన్ని గట్టిగా చెప్పండి.

జవాబు: గణాంకశాస్త్ర అధ్యాపకురాలు, విజయనగరం

ఒకసారి జరిపే సర్వే జబ్బు ఎందరికుందో చెబుతుందే తప్ప ఎందుకు వచ్చిందో తేల్చలేదు. అందుకు అదే మనుషులను ఏళ్లపాటు పరీక్షిస్తూ ఉండాలి. ఈ తేడా చెప్పకపోతే, నీళ్ల మీదో, పురుగుమందుల మీదో, ఎండలో చాకిరీ మీదో ఉన్న అనుమానాన్ని జనం రుజువుగా తీసుకుంటారు. ఆ 18 శాతాన్ని మీ ఊరి లెక్కగానూ చెప్పకండి. శ్రీలంక వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉందని, అక్కడా శాస్త్రవేత్తలు దీని మీదే పనిచేస్తున్నారని చెప్పండి. ఇది తమ ఊరికి పట్టిన శాపమని కుమిలిపోయేవారికి ఆ కబురు చాలా అవసరం.

జవాబు: ఏఎన్‌ఎం, సోంపేట

మేడమ్ గారి మాటకు ఒకటి కలుపుతాను. ఇకమీదట నమూనాల కోసం ఎవరు వచ్చినా, ఫలితాలను ఎప్పుడు వచ్చి తెలుగులో చెబుతారో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకముందే అడగమని ఊరివారికి చెప్పండి, మాస్టారూ.