అప్‌డేట్: నడిరోడ్డు మీద గుర్రమెక్కిన దొర ఎవరో తెలిసింది

చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర, రోడ్డు మధ్యలో ఎత్తైన దిమ్మె మీదున్న గుర్రపు విగ్రహం ఎవరిదని పోయిన నెల అడిగాను. రోజూ బస్సులో ఆ దారినే వెళ్లేవాళ్లు కూడా చెప్పలేకపోయారు. మీలో ఒకరు సర్ థామస్ మన్రో అన్నారు, అదే నిజం.

ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు వెళ్లి చూశాను. గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు! శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ మరిచిపోయాడని జనం చెప్పుకుంటారు. నాకైతే కావాలనే అలా మలిచాడనిపించింది. 1839లో ఇక్కడ నిలబెట్టారు.

మన్రో 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా వచ్చి, హైదర్ అలీతో యుద్ధంలో పోరాడిన మనిషి. తర్వాత మా దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతానికి కలెక్టర్, ఆపైన మద్రాసు గవర్నర్. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయారు. ముందు పాతిపెట్టింది మా గుత్తిలోనే. అది చదవగానే ఒళ్లు పులకరించింది. మా జేజి నోట విన్న 'మన్రోలప్ప' అనే పేరు ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది. సంక్రాంతికి నాన్న వస్తారు, ముందు ఆ విగ్రహం దగ్గరికే తీసుకెళ్తాను.