అప్‌డేట్: ‘రన్’ అన్నచోటల్లా ‘పరుగు’ రాయకుండా

ఇంగ్లీషు ‘రన్’ ఉన్న వాక్యాలు తెలుగులోకి తెస్తే ఎందుకు కుంటుతున్నాయని ఇంతకుముందు అడిగాను. ముందు కర్తను చూడమన్న సలహా బాగా పనిచేసింది. మనిషి పరుగెత్తుతాడు. అదే బస్సయితే తిరుగుతుంది, కొట్టు నడుస్తుంది, ముక్కు కారుతుంది, కొత్త చీర రంగు దిగుతుంది, రోడ్డు కాలువ వెంట పోతుంది.

‘రన్’ వెనక చిన్న మాట చేరితే మాత్రం ఆ జంటనే చూడాలి. ‘రన్ ఇంటు’ అంటే ఎదురుపడటం, వాహనమైతే గుద్దుకోవడం. ‘రన్ ఫర్’ పక్కన పదవి ఉంటే పోటీ చేయడం. ‘వియ్ రాన్ అవుట్ ఆఫ్ రైస్’ను ‘బియ్యం నిండుకున్నాయి’ అనాలి. ఇంగ్లీషులో కర్త మనం, తెలుగులో బియ్యం. కర్తను మార్చకపోవడమే ఇక్కడ జరిగే తప్పు. క్రికెట్‌లో ‘రనౌట్’ను అలాగే ఉంచేయండి.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది ‘డ్రై రన్’తో. 2020 డిసెంబరులో కృష్ణా జిల్లాలో కరోనా టీకాకు జరిపిన డ్రై రన్ అంటే, టీకా వేయకుండా ఏర్పాట్లన్నీ సరిచూసుకోవడం. బోరు మోటారు డ్రై రన్ అంటే నీళ్లు అందకుండా తిరగడం. చల్లబరిచే నీరు లేక సీలు, బేరింగులు పాడవుతాయి, వైండింగూ కాలిపోవచ్చు. మోటారు వాడకం పుస్తకంలో దీన్ని ‘ముందస్తు కసరత్తు’ అని రాస్తే రైతుకు హెచ్చరిక అందనే అందదు. ‘నీళ్లు లేకుండా మోటారు ఆడించవద్దు’ అని విప్పి రాయండి.

‘షుగర్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’కి ‘వాళ్ల వంశంలో షుగరుంది’ చాలు.