ఫెర్రిటిన్ ఎక్కువుంది, షుగర్ ఉంది, హెపటైటిస్ సి కూడా ఉంది. ముందు దేన్ని పట్టుకోవాలి?

దేవరకొండ కొడుకు:
మా బాపుకు 58 ఏళ్లు. కంటి ఆపరేషన్‌కు ముందు రక్తం చూస్తే లివర్‌ను పట్టే వైరస్, హెపటైటిస్ సి, పాజిటివ్ వచ్చింది. షుగర్ మూడేళ్ల నుంచి ఉంది, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ 640. ఆ కాగితం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో పుంటికూర వండట్లేదు. "ఒంట్లో ఇనుము ఎక్కువై షుగర్ వచ్చింది, రక్తం తీయించు" అని మేనమామ పట్టుబడుతున్నాడు. షుగర్ ఇనుము వల్ల వచ్చిందా, వైరస్ వల్లా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జడ్చర్ల:
మీ మామ మాట కొట్టిపారేయకండి. హీమోక్రొమటోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో ఇనుము లివర్‌లో, పాంక్రియాస్‌లో పేరుకుని షుగర్ వస్తుంది. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల్లోనూ అంతే. నేనైతే రక్తదానం చేయించేవాణ్ని.

నల్లగొండ ల్యాబ్ అక్క:
అన్నా, రక్తదానం మాట మాత్రం వద్దు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ల రక్తం ఎవరికీ ఎక్కించకూడదు.

ఇక ఫెర్రిటిన్ సంగతి. అది ఇనుము నిల్వ ఒక్కదాన్నే చూపించదు, ఒంట్లో వాపు ఉన్నా పెరుగుతుంది. లివర్ కణాలు దెబ్బతింటే అందులోది రక్తంలోకి వచ్చేస్తుంది. పైగా పేగులు ఇనుము పీల్చుకోవడాన్ని అదుపు చేసే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఈ వైరస్ తగ్గిస్తుంది, దాంతో అవి ఎక్కువ పీల్చుకుంటాయి. అంటే చాలామందిలో ఇనుము పెరగడం వెనక ఉన్నది కూడా వైరస్సే. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చేయించండి, రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చూపే పరీక్ష అది. అది 45 శాతం దాటకపోతే ఇనుము నిజంగా పేరుకుపోయిందనే అనుమానం చాలావరకు తగ్గుతుంది.

షుగర్‌తోనూ ఈ వైరస్‌కు సంబంధం ఉంది. ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దానికి లొంగకుండా చేస్తుంది. 2000లో వచ్చిన అమెరికా సర్వే విశ్లేషణలో, 40 దాటి ఈ వైరస్ ఉన్నవాళ్లలో టైప్ 2 షుగర్ మూడు రెట్లకు పైగా కనిపించింది.

జడ్చర్ల:
రక్తదానం విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నా. కానీ వైరస్ లేనివాళ్లలో కూడా ముందు ఫెర్రిటిన్ ఎక్కువుండి, తర్వాత షుగర్ వచ్చినట్టు పెద్ద అధ్యయనాలున్నాయి కదా? దానికేమంటారు?

నల్లగొండ ల్యాబ్ అక్క:
ఉన్నాయి. కానీ ఫ్యాటీ లివర్, పొట్ట చుట్టూ కొవ్వు కలిసి ఫెర్రిటిన్‌నూ, షుగర్‌నూ పెంచుతాయి. ముందు కనిపించిందని అదే కారణం అనలేం. ఇనుముకు అసలు పాత్రే లేదని నేనూ అనను. అయితే ఈ పెద్దాయనకు మందు పడాల్సింది వైరస్‌కే.

మిర్యాలగూడ:
నాకు ఇదే జబ్బు వచ్చి తగ్గింది. చిన్నప్పుడు ఊర్లో ఒకే సూదిని మరగబెట్టి అందరికీ పొడిచేవాళ్లు, అక్కడే అంటిందని నా నమ్మకం. మొదట కామెర్లకని ఆకు పసరు తాగి ఆరు నెలలు పోగొట్టుకున్నా. మీరు ఆ పని చేయకండి.

సోఫోస్‌బువిర్, డాక్లాటాస్విర్ 12 వారాలు వాడా. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం, జిల్లా ఆసుపత్రిలో అడగండి. ముందు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూడాలి, ఎందుకంటే వైరస్ పోయాక కూడా దానిపై ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీ పాజిటివ్‌గానే ఉంటుంది. హెపటైటిస్ బి కూడా చూడాలి. ఈ మందులు వాడేటప్పుడు అది తిరగబెట్టొచ్చు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. రెండో నెలలో ఓ సాయంత్రం చేతులు వణికి, చొక్కా తడిసిపోయింది. మిషన్‌లో చూస్తే షుగర్ 58. వైరస్ తగ్గేకొద్దీ షుగర్ పడిపోవచ్చట. డాక్టర్ నా షుగర్ బిళ్ల గ్లిమెపిరైడ్‌ను సగం చేశాడు. షుగర్ పూర్తిగా పోలేదు, రోజుకు మూడు బిళ్లలు రెండయ్యాయి.

దేవరకొండ కొడుకు:
అక్కా, అన్నలూ, థాంక్స్. ఒక సంగతి ఇప్పుడే తెలిసింది. మా అమ్మకు రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 8.9. బాపు కాగితం చూసి భయపడి తన ఐరన్ బిళ్లలు కూడా మానేసిందంట, సీసా బియ్యం డబ్బా వెనక దొరికింది. పొద్దున దగ్గరుండి వేయించా. సోమవారం బాపును వైరల్ లోడ్‌కు తీసుకెళ్తున్నా, గ్లూకోమీటర్ కూడా కొన్నా.